తోక చూసి మనిషిని చెప్పిన రోజు

2013 జూన్ 13, గురువారం, ఉదయం ఏడున్నర గంటలు. వంశధార అవతలి గట్టున మా ఊరి గరువులో, అంటే మెట్ట నేలలో, సుగుణ పొలం దగ్గర నిలబడి ఉన్నాను. గంట ఎలా గుర్తుందంటే, గురువారం సంతకు వెళ్ళే ఆటో సరిగ్గా ఏడున్నరకు మా ఊరి మలుపులో హారన్ కొడుతుంది. ఆ రోజు కొట్టింది, కొట్టింది, చివరికి నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళలో నేను సంత మానిన గురువారాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

నేను పశువుల సంతలో దళారిని. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పడం మా పద్ధతి. పైకి ఎవరూ నోరు విప్పరు. చూసేవాళ్ళకు అదే మా పని అనిపిస్తుంది. అది చివరి ముక్క మాత్రమే. అసలు పని చూడటం. నోరు తెరిచి పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది. మెడ మీద చెయ్యి వేస్తే కాడి ఎంత మోసిందో తెలుస్తుంది. కుడివైపు కట్టడానికి అలవాటుపడినది వలపల ఎద్దు, ఎడమవైపుది దాపల ఎద్దు. ఈ రెండూ తెలియక రెండు దాపల ఎద్దులు కొనుక్కుపోయి, ఏరువాక పూట నెత్తి పట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

సంతలో ట్రయల్ అని ఒకటుంది. బండి చక్రాలు తిరగకుండా తాళ్ళతో కట్టేసి ఎద్దుల చేత లాగిస్తాం. అలా లాగినా ఎద్దు సంగతి సగమే తెలుస్తుంది. ఎందుకంటే సంత రోజు ఎద్దు అసలు ఎద్దు కాదు. పొద్దున్నే కడిగి, కొమ్ములకు ఆముదం రాసి, మెడలో కొత్త గంట కట్టి తోలుకొస్తారు. ఆ పూట ప్రతి ఎద్దూ పెళ్ళికొడుకే.

కొత్తగా కొనేవాళ్ళు చూడనిది తోక. కోపిష్టి మనిషి చేతిలో పడిన ఎద్దు కదలకపోతే వాడు దాని తోక పట్టుకుని మెలిపెడతాడు. గట్టిగా మెలిపెడితే లోపల ఎముక విరుగుతుంది. తర్వాత అతుక్కుంటుంది గానీ అక్కడ ముడి మిగిలిపోతుంది. తోక మొదలు నుంచి కుచ్చు దాకా వేళ్ళతో తడుముకుంటూ పోతే ఆ ముడులు చేతికి తగులుతాయి. వాటిని బట్టి ఎద్దు సంగతి కాదు, యజమాని సంగతి చెప్పేవాణ్ణి. సంతలో నాకు ఆ పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టంగా కూడా ఉండేది, దాచడమెందుకు.

ఇంకొక సంగతి చెప్పి అసలు కథలోకి వస్తాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై మూడో ఏట, బాప్తిస్మం తీసుకున్న తర్వాత. నా పేరు సింహాచలం. బాప్తిస్మం తీసుకున్నా పేరు మార్చుకోలేదు. దేవుడికి నా ముఖం తెలుసు, పేరుతో పనేమిటి అన్నాను. మా పాస్టరు గారి భార్య, పాస్టరమ్మ సంతోషమ్మ గారు సంఘంలో పాడే పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు దిద్దించారు. పలక కొనడానికి సిగ్గేసి, మనవరాలికని షాపులో అబద్ధం చెప్పాను. ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు మాటలో సగం చూసి మిగతాది ఊహించేస్తారు. నాకది చేతకాదు. ప్రతి అక్షరం దగ్గరా ఆగాలి.

సుగుణ మా సంఘంలో మనిషే. నాకు వరసకు మేనల్లుడి భార్య. భర్త జ్వరంతో పోయి అప్పటికి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. రెండెకరాల గరువు, అత్త అప్పలమ్మ, మల్లిగాడని ఒక వలపల ఎద్దు, ఇంతే ఆమె సంసారం. దాపల ఎద్దు ఆ వేసవిలో పాము కరిచి చచ్చిపోయింది. వరసకు నాకు అక్కయ్యే అప్పలమ్మ అప్ప సంఘానికి రాదు, తన దేవుళ్ళు తనకున్నారు. అయినా అత్తా కోడళ్ళు ఒక కంచంలో తింటారు, ఒకరినొకరు తిట్టుకుంటారు, ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచదు.

ఆ ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సుగుణ నన్ను పక్కకు పిలిచింది.

"మావా, గురువారం నువ్వు సంతకెల్లకు. ఒక ఎద్దుని సూడాల."

"ఎవుల్దే?"

"దానేలు గారిది. మా మల్లిగాడికి జోడవుతాదని తెస్తన్నారు."

దానియేలు సంఘంలోకి వచ్చి ఆరు నెలలైంది. ఒడిశా సరిహద్దు అవతలి ఊరు. భార్య పోయిందని, ఒంటరివాడినని చెప్పాడు. మా ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని కూలి దున్నకాలు చేసేవాడు. సంఘంలో పని ఏదైనా ముందుండేవాడు. ప్రార్థన మొదలుపెడితే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు.

"సూస్తాన్లే. ఒక ఎద్దు కోసం సంత మానమంతావేటే?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎద్దు కోసమని అందరికీ సెప్తాను. నువ్వు మనిషిని సూడు. పాస్టరమ్మ గారి సేత నన్ను అడిగించినాడు మావా. పెళ్ళికి. దుక్కి మొదలెట్టే లోపల ఏదో ఒకటి సెప్పాల."

"నీ మనసులో ఏటున్నాది?"

"మంచోడే అనిపిస్తాది. అదే బయం. అందరూ ఒప్పీసుకో అంతన్నారు. అన్ని ఇవరాలు అడిగితే ప్రేమ లేనిదాన్ననీస్తారు. అడక్కుండా ఒప్పుకుంటే రేపు నాతో పాటు మా అత్త కూడా ఆడి సేతిలోకే ఎల్తాది. ముసిల్దాన్ని రోడ్డు మీద ఒగ్గీలేను కదా."

ఆ మాటకు నేను మెత్తబడ్డాను. అప్పుడు వచ్చిన జవాబు మాత్రం దళారి జవాబే. "ఆడి సంగతి నాకొగ్గీ. పది నిమిషాల్లో సెప్తాను."

గురువారం వచ్చింది. రెండు రోజుల కిందట తొలకరి పడింది, నేల మెత్తగా ఉంది. సుగుణ మల్లిగాణ్ణి తోలుకొచ్చింది. అప్పలమ్మ అప్ప గట్టు మీద చతికిలబడి చుట్ట వెలిగించింది. పాస్టరమ్మ గారు కూడా వచ్చారు. పెళ్ళి మాట తెచ్చింది తనే కాబట్టి, ముగింపు చూసిపోదామని. దానియేలు బూడిద రంగు ఎద్దును తోలుకొచ్చి "వందనాలండీ పెద్దాయనా" అన్నాడు. ఆ ఎద్దుకు కడిగిన ఒళ్ళు లేదు, కొమ్ములకు ఆముదం లేదు, గంట లేదు. అది నేను గమనించలేదని కాదు. గమనించి, లెక్కలోకి తీసుకోలేదు.

పళ్ళు చూశాను. నడి వయసు దాటింది. మెడ చూశాను. వెనక్కి వెళ్ళి తోక పట్టుకున్నాను. మొదట్లోనే ఒక ముడి. జానెడు కిందకు ఇంకొకటి. నేను వెనక నిలబడగానే ఎద్దు ఒళ్ళు బిగించి, వెనక కాళ్ళు దగ్గరకు లాక్కుంది. చర్మం అలలు అలలుగా వణికింది. ఇంకేం కావాలి? పది నిమిషాలు అన్నాను, మూడు నిమిషాలే పట్టింది.

"సుగుణా, ఎద్దునీ ఒద్దు, మనిషినీ ఒద్దు" అన్నాను, అతని ముఖం మీదే. "ఇది తోక ఇరిసిన సెయ్యి. ఇయాల ఎద్దు తోక, రేపు నీ సెయ్యి."

పాస్టరమ్మ గారు "అయ్యో, సింహాచలం గారూ!" అన్నారు. అప్పలమ్మ అప్ప చుట్ట నోట్లోంచి తీసింది. దానియేలు నల్లబడిపోయాడు. ఏమన్నా అంటాడని చూశాను. అనలేదు. తల దించుకున్నాడు. చూశారా, తప్పు చేసినవాడి తీరు ఇలాగే ఉంటుంది అని నాలో నేను అనుకున్నాను.

సుగుణ నా వైపు చూడటం లేదు. ఎద్దును చూస్తోంది. కాసేపటికి అంది:

"మావా, నీ సేతిలో ఆ కర్ర ఓపాలి కింద ఎట్టు."

అప్పుడు చూసుకున్నాను. నా ముల్లుగర్ర. కొసన మేకు దిగ్గొట్టిన వెదురు కర్ర. సంతకు వెళ్ళినా, మా సంఘం గుడికి వెళ్ళినా నా చేతిలో ఉంటుంది. పాస్టరు గారు బతిమాలితే గుడి గుమ్మం దగ్గర పెడతాను, అంతే. ఎద్దు వెనక్కి వెళ్ళినప్పుడు అది నా చంకలో ఉంది, మేకు ముందుకు.

"కర్రకేటే ఇప్పుడు?"

"ఎట్టు మావా."

అప్పలమ్మ అప్ప నవ్వింది. "ఒరే సింహాసలం, మా కోడలు గుంట ఎట్టమంతాది, ఎట్టరా. నువ్వు ఎనక్కొచ్చి నిలబడితే నాకే గుండె దడదడలాడతాది, ఎద్దుకి ఉండదేటి?"

కింద పెట్టాను. మళ్ళీ ఎద్దు వెనక్కి వెళ్ళాను. చెవులు నా వైపు తిప్పింది. అంతే. కాళ్ళు లాక్కోలేదు. తర్వాత సుగుణ దానియేలును వెళ్ళమంది. అతను వెనక్కి వెళ్ళి, తోక ముట్టుకుని, పిర్ర మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎద్దు చెవి కూడా తిప్పలేదు. నెమరు వేసుకుంటూనే ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ళు ఎద్దులు చూసినవాణ్ణి. ఎద్దు దేనికి భయపడిందో చూసుకోలేదు. నా చేతిలో ఉన్నదానికి అది వణికితే, ఎదుటివాడి మీద వేశాను.

అయినా ఓడిపోవడం నాకు అలవాటు లేదు. "మరి ముడులెలా వచ్చినాయి?" అన్నాను.

దానియేలు అప్పుడు నోరు విప్పాడు. "ఇటుకల బండికి కట్టినోడి దగ్గర కొన్నాను పెద్దాయనా. ఎవులూ కొననంటే ఆడు ఆఖరికి నాకిచ్చీసినాడు. ఈ ఎద్దు తోక ఇరిసింది నాను కాదు."

"అయితే ఇందాకల ఎందుకు మాటాడలేదు?"

అతను ఎద్దు పిర్ర మీద చెయ్యి తియ్యకుండానే అన్నాడు: "నాను కాదు అనడానికి నోరు రాలేదు. ఇంతకుముందు నాకొక ఎద్దుండేది. తాగేవోణ్ణి. ఒక పూట కోపంలో దాని తోక ఇరిసీసినాను. మీరు నా సెయ్యిని సూసి అన్న మాట అబద్దం కాదు. ఈ ఎద్దు ఇసయంలో అబద్దం, అంతే."

పాస్టరమ్మ గారే ముందు తేరుకున్నారు. మంచి మనసు ఆవిడది. "పాతవన్నీ పోయాయి కదమ్మా సుగుణా. దేవుడు క్షమించినవాటిని మనం మళ్ళీ తవ్వడం దేనికి?"

సుగుణ మెల్లగా అంది: "అమ్మగారూ, తప్పు తియ్యడానికి తవ్వడం లేదు. తవ్వకపోతే ఇత్తనం ఎక్కడెయ్యమంతారు?" తర్వాత అతని వైపు తిరిగి, "మీ భార్యని కొట్టేవోరా?" అని సూటిగా అడిగింది. నేను కూడా అంత సూటిగా అడగను.

"ఒకపాలి సెయ్యెత్తినాను. ఆవిడ పుట్టింటికి ఎల్లిపోనాది. తాగుడు మానీసి కాళ్ళట్టుకుని తెచ్చుకున్నాను. తర్వాత రెండేళ్ళు బాగా బతికినాం. కామెర్లతో పోనాది."

"ఇది సంఘంలో సాక్ష్యం సెప్పినప్పుడు ఎందుకు సెప్పలేదు?"

"ఎవులూ అడగలేదు. అడిగితే బాగున్ను అనుకునేవోణ్ణి."

సుగుణ తల ఊపింది. ముఖంలో కోపం లేదు, పొంగిపోవడమూ లేదు. "సరే. ముందు దున్ని సూద్దాం" అంది.

కాడి కట్టారు. వలపల మల్లిగాడు, దాపల బూడిదోడు. మల్లిగాడు వయసులో ఉన్న ఎద్దు, బూడిదోడు బక్కది. విజోడు అని నాకు వెంటనే తెలిసింది. గుళ్ళో పెళ్ళిళ్ళ గురించి చెప్పేటప్పుడు ఈ జోడు మాట తరచు వస్తుంది. వినేవాళ్ళలో కాడి మోసే ఎద్దుల పక్కన నడిచినవాళ్ళు ఇప్పుడు తక్కువ. బలమైనదానికీ బక్కదానికీ ఒకే కొలత పెడితే బక్కది కూలిపోతుంది. దానికొక ఉపాయం ఉంది. నాగలిని కాడికి కట్టే తాడును నడిమధ్య కట్టకుండా బలమైన ఎద్దు వైపు రెండు వేళ్ళు జరపాలి. అప్పుడు బరువు ఎక్కువ భాగం దాని మీద పడి, బక్కదానికి తేలికవుతుంది. ఎవరూ చెప్పకుండానే దానియేలు ఆ తాడు విప్పి, మల్లిగాడి వైపు రెండు వేళ్ళు జరిపి మళ్ళీ కట్టాడు. ఎవరు చూస్తున్నారని కూడా చూడలేదు.

నేను చూశాను. ఈసారి ఏమీ అనలేదు. అదే ఆ రోజు నేను చేసిన మొదటి మంచి పని.

నాలుగు సాళ్ళు దున్నాడు. మలుపు దగ్గర అరవకుండా ఆగేవాడు, ఎద్దులు తిరిగేదాకా. అప్పలమ్మ అప్ప గట్టు మీంచి, "దున్నకం బాగానే ఉన్నాది గానీ, మనిషికీ ట్రయల్ ఉంటాదేటి మీ సంతలో?" అని అరిచింది. అందరం నవ్వాం. దానియేలు కూడా.

"ఉంటాది" అంది సుగుణ, నవ్వకుండా. "దానేలు గారూ, నాను ఒప్పుకోలేదు, కాదనలేదు. పంట ఇంటికొచ్చేదాకా నా పొలం దున్నండి. మా అత్త వీధరుగు మీద అన్నం ఎడతాది. సీకటి పడకముందే మీ గదికి ఎల్లిపోవాల. కోపం వచ్చినపుడు ఎలగుంటారో, వాన రాకపోతే ఎలగుంటారో సూడాల నాను. మీరూ నన్ను సూసుకోండి. నా నోరూ మంచిది కాదు."

"అది నిజం" అంది అప్పలమ్మ అప్ప.

తర్వాత సుగుణ నా వైపు తిరిగింది. "మావా, నువ్వు ఆరి ఊరెల్లి అడిగి రా. దొంగతనంగా ఒద్దు. ఆరికి సెప్పీసే ఎల్లు."

నేను తెల్లబోయాను. దళారి విచారణ అంటే ఎదుటివాడికి తెలియకుండా చేసేది. చెప్పి వెళ్ళేది విచారణ ఎలా అవుతుంది? కానీ దానియేలు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ముగ్గురి పేర్లు సెప్తాను పెద్దాయనా. అందులో ఒకడు నన్ను తిడతాడు. మా బావమరిది. ముందు ఆణ్ణే అడగండి."

తర్వాతి వారం పాతపట్నం దాకా బస్సు, అక్కడ నుంచి ఆటో. ఆ బావమరిది నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా గంటసేపు దానియేలును తిట్టాడు. నడుమ నన్ను కూడా తిట్టాడు. నేను కర్ర తీసుకెళ్ళలేదు, కాబట్టి విన్నాను. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "మా సెల్లి పోయేముందు రెండేళ్ళు మాత్రం బాగానే సూసినాడు. అది ఒప్పుకోవాల. మందు ముట్టలేదు" అన్నాడు. పొగిడేవాళ్ళు చెప్పిన పది మాటల కంటే తిట్టేవాడు చివర్లో ఇష్టం లేకుండా చెప్పిన ఆ ఒక్క మాట నాకు బరువుగా తోచింది. అదే తెచ్చి సుగుణకు ఇచ్చాను. తిట్లతో సహా, ఒక్కటీ దాచకుండా.

ఆ ఏడు అక్టోబరులో వానలు విరుచుకుపడి సగం పంట నీళ్ళలో ఉంది. దానియేలు చేలో నిలబడి ఆకాశాన్ని తిట్టాడు, తర్వాత సిగ్గుపడి ప్రార్థన చేశాడు, తర్వాత గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదిలాడు. అదంతా సుగుణ చూసింది. డిసెంబరులో మిగిలిన పంట ఇంటికి వచ్చాక, "ఇప్పుడు సెప్తన్నాను, ఒప్పుకుంటాను" అంది. పాస్టరు గారు పెళ్ళి జరిపించారు. అప్పలమ్మ అప్ప గుళ్ళోకి రానంది గానీ, గుమ్మం దగ్గర నిలబడి అక్షింతలు లోపలికి విసిరింది. ఇప్పటికి ఆరేళ్ళు. ముసలమ్మకు తొలి ముద్ద దానియేలు పెడితేనే దిగుతుంది. బూడిదోడు ఇంక కాడి మొయ్యడం లేదు. సంతకు తోలెయ్యమని దళారిగా నేనే సలహా ఇచ్చి తిట్లు తిన్నాను. పెరట్లో కట్టేసి మేపుతున్నారు.

ఈ సంగతి నాకు ఏం నేర్పిందో రాయమని పాస్టరమ్మ గారు ఈ కాగితాలు చేతికిచ్చారు. నాకు తెలిసినంత చెప్తాను. సంతలో నా కన్ను తప్పు వెతకడానికి తయారైన కన్ను. తప్పు దొరికితే ధర తగ్గుతుంది, అందుకే వెతుకుతాం. మనుషుల దగ్గరకు కూడా నేను ఆ కన్నే తీసుకెళ్ళేవాణ్ణి, దాన్ని వివేకం అనుకునేవాణ్ణి. మా సంఘంలో మిగతావాళ్ళు ఇంకొక రకం. అసలు చూడకపోవడమే ప్రేమ అనుకునేవాళ్ళు. నాదీ తప్పే, వాళ్ళదీ తప్పే. సుగుణ చూసింది, అడిగింది, ఆగింది. కోపం లేకుండా చూసింది, సిగ్గుపడకుండా అడిగింది, ఒక పంటకాలం ఆగింది. ప్రభువు వెనక నడిచేవాళ్ళు ఒకరినొకరు చూడవలసిన తీరు అదేనని, గుళ్ళో ఏడెనిమిదేళ్ళు కూర్చున్నా తెలియనిది, ఒక పొలం గట్టు మీద నాకు తెలిసింది.

పుస్తకం వేలు పెట్టి చదివేవాణ్ణి, మనిషిని మాత్రం ఒక అక్షరం చూసి మిగతాది ఊహించేశాను. ఇప్పుడు మనిషి దగ్గర కూడా వేలు పెట్టి చదువుతున్నాను. నెమ్మదిగానే సాగుతోంది. అరవై ఏడేళ్ళు వచ్చాయి, తొందరేముంది.

ఆ రోజు ఆ గట్టు మీద ఉన్నది మేమే: పాస్టరమ్మ సంతోషమ్మ గారు, మా మేనల్లుడి భార్య సుగుణ, ఆమె అత్త అప్పలమ్మ, దానియేలు, వలపల మల్లిగాడు, దాపల బూడిదోడు, నేను. నా ముల్లుగర్ర కూడా ఉంది. అది నేల మీద ఉంది.